కాలనీలో కుక్కల గొడవా? ఫిర్యాదు ఎవరికి, ఎలా ఇవ్వాలి

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక శనివారం రాత్రి పదిన్నరకి మెసేజ్ వచ్చింది. "రేపు పొద్దున్నే చికెన్ ముక్కల్లో మందు కలిపి పెట్టేద్దాం. ఎవరెవరు రెడీ?" కింద పదిహేడు మంది బొటనవేలు ఎత్తేశారు. వాళ్లలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు కూడా ఉన్నారు. చెడ్డవాళ్లేం కాదు. ఆ వారమే మూడో గల్లీలో ఒక పిల్లాడిని కుక్క పిక్క మీద కరిచింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన సీసీటీవీ వీడియో అందరూ చూసిందే. భయం నిజమైనదే.

అప్పటికి నేను అసోసియేషన్ సెక్రటరీ అయి రెండు నెలలు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది మీకు పనికొస్తుందని రాస్తున్నాను. కుక్కలంటే హడలిపోయేవాళ్లూ, వాటికి అన్నం పెట్టేవాళ్లూ చివరికి వెళ్లాల్సింది ఒకే కౌంటర్‌కి. అక్కడ నోటి మాట చెల్లదు, కాగితం ఉండాలి.

మందు మాట ముందు ఆపించండి

గ్రూపులో అలాంటి మెసేజ్ వస్తే వెంటనే ఎవరో ఒకరు అడ్డుపడాలి. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అన్నదాన్ని బట్టి శిక్ష మారేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ బేరం తీసేశారు. దీనికి తోడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో వీధికుక్కల పేరెత్తి మరీ, క్రూరంగా చంపితే నేరమని రాసి ఉంది.

"ఊళ్లల్లో చంపేస్తున్నారుగా, ఎవరికేమైంది?" అని మా గ్రూపులోనే ఒకాయన అడిగాడు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రికి రాత్రి సుమారు 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. పోలీసు కేసయ్యి, దేశమంతా వార్తయింది. మన విషయానికొస్తే తుపాకీ కూడా అక్కర్లేదు. రేపు కేసు నడిస్తే ఆ మెసేజ్, దాని కింది పదిహేడు బొటనవేళ్లే సాక్ష్యం.

ఎవరినైనా కరిచి ఉంటే

ఫిర్యాదు తర్వాత చూసుకోవచ్చు. మంట పుట్టినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసుకుని కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే రేబిస్ నిరోధక ఇంజెక్షన్ కూడా పడాలి. నర్సు మర్చిపోయినా మీరు గుర్తుచేయండి. ఓపీ చీటీ పారేయకండి, తేదీకి అదే రుజువు.

కరిచిన కుక్కను కొట్టి చంపేస్తే దానికి రేబిస్ ఉందో లేదో తెలుసుకునే వీలు పోతుంది. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నియమాల ప్రకారం, రేబిస్ ఉందని అనుమానం ఉన్న కుక్కను మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుని, విడిగా ఉంచి గమనించాలి. రేబిస్ ఉంటే మామూలుగా పది రోజుల్లోపే చనిపోతుంది. అలాగని కుక్క సంగతి తేలేదాకా టీకా ఆపకూడదు.

తెల్లవారుజామున లెక్కపెట్టండి

ఆఫీసుకి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది, జనం దీన్నే ఎగ్గొడతారు. "మా దగ్గర వందల కుక్కలున్నాయి సార్" అంటే అక్కడెవరూ తల కూడా ఎత్తరు. ఐదున్నరకి, పాల ప్యాకెట్ల టైముకి, ఫోను పట్టుకుని ఒక చుట్టు తిరగండి. ఒక్కో కుక్కకి రెండు ఫొటోలు: ఒంటి రంగు కనపడేలా ఒకటి, చెవులు కనపడేలా ఒకటి.

చెవులు ఎందుకంటే, కు.ని. ఆపరేషన్ అయిన కుక్కకి గుర్తుగా ఒక చెవి కొస కత్తిరిస్తారు. మా గేటు దగ్గర పడుకునే గోధుమరంగు దాన్ని దగ్గరగా చూశాను. కాగితాన్ని కత్తెరతో కోసినట్టు కొస తిన్నగా పోయి ఉంది, అంచు నల్లబడి వెంట్రుక మొలవలేదు. కొట్లాటలో చిరిగిన చెవి ఇలా ఉండదు, పీలికలుగా ఉంటుంది. ఈ తేడా పట్టుకోగలిగితే సగం పని అయినట్టే. మేం అప్పటిదాకా "నలభై కుక్కలు" అని తిట్టుకుంటున్నవి లెక్కపెడితే పద్నాలుగు. తొమ్మిదింటికి చెవి గుర్తుంది. మిగిలిన ఐదింటిలో మూడు ఆడవి. మా గొడవ మొత్తానికి మూలం ఆ ఐదే. ఎదకొచ్చే కాలంలో ఆడకుక్క వెంట పక్క కాలనీ మగకుక్కలన్నీ వచ్చిపడతాయి, అరుపులూ కాట్లాటలూ అప్పుడే ఎక్కువ.

పిల్లలకు పాలిస్తున్న తల్లి ఉంటే అది కూడా రాసుకోండి. పిల్లలు పాలు మానేదాకా దాన్ని పట్టకూడదు. ఆరు నెలలు నిండని కుక్కలకు ఆపరేషన్ చేయకూడదు. ఇవి తెలియక "బండి వచ్చి కూడా వదిలేసి పోయారు" అని సిబ్బందితో తగువు పెట్టుకుంటాం.

కాగితం ఇలా రాయండి

హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. దాంతో ఆగిపోకండి. అదే నంబరు వేసి మీ సర్కిల్ ఆఫీసులో వెటర్నరీ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇతర పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ పేరున, ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి పేరున. ఆంధ్రలో గ్రామ సచివాలయంలోనూ ఇవ్వొచ్చు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి.

మేం ఇచ్చిన అర్జీలో అసలు ముక్క ఇది, కావాలంటే వాడుకోండి:

"మా కాలనీలో మొత్తం 14 వీధికుక్కలు ఉన్నాయి. వాటిలో 5 కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స జరగలేదు (ఫొటోలు, అవి ఉండే చోట్లు జతపరిచాము). జంతు సంతాన నియంత్రణ నియమాలు 2023 ప్రకారం వీటికి శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించి, పట్టుకున్న చోటే తిరిగి విడిచిపెట్టవలసిందిగా కోరుతున్నాము. ఫలానా తేదీన జరిగిన కుక్కకాటుకు సంబంధించిన ఓపీ చీటీ నకలు జతపరిచాము."

రెండు కాపీలు పట్టుకెళ్లి, రెండో దానిమీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, రబ్బరు స్టాంపు వేయించుకున్నాకే కుర్చీలోంచి లేవండి. "పర్లేదు సార్, ఇచ్చి వెళ్లండి, చూస్తాం" అంటారు. స్టాంపు లేని కాగితం ఇచ్చి నేను మొదటిసారి నెలన్నర పోగొట్టుకున్నాను. తర్వాత వెళ్తే అసలు అలాంటి కాగితమే రాలేదన్నారు.

"తీసుకెళ్లి అడవిలో వదిలేయండి" అని మాత్రం రాయకండి. ఆ మాట రాస్తే చట్టం ఒప్పని పని అడిగారని పక్కన పెట్టడానికి వాళ్లకో సాకు దొరుకుతుంది. పైగా టీకా వేసిన పాత కుక్కలు పోతే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్తవి వస్తాయి, చెత్తకుప్ప ఉన్నచోట కుక్క లేకుండా ఉండదు.

బండి వచ్చిన రోజు

కుక్కల బండి చెప్పి రాదు, వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరు దగ్గరుండాలి. బండి నంబరు, తేదీ, ఏ కుక్కని ఏ స్తంభం దగ్గర పట్టారో ఫొటో తీసుకోండి. వలతోనో చేత్తోనో పట్టాలి. మెడకి ఇనుప తీగ వేసి ఈడిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు అక్కడే ఉంచి, కోలుకున్నాక పట్టుకున్న చోటే వదలాలి. ఇదంతా జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థే చేయాలి.

మా దగ్గర మంగళవారం ఐదింటిని పట్టుకెళ్లారు. తర్వాతి సోమవారం నాలుగే దిగాయి. ఐదోది, నల్లమచ్చల ఆడకుక్క, రెండు రోజులకి మెయిన్ రోడ్డు అవతల కాలనీలో కనిపించింది. అక్కడి కుక్కలు దాన్ని తరిమి తరిమి ఒక టీకొట్టు బల్ల కిందకి నెట్టేశాయి, కుట్లు ఇంకా ఆరలేదు. ఆఫీసులో అడిగితే "అక్కడే పట్టాం సార్" అన్నారు. మా గల్లీ బోర్డు ముందు వలలో ఉన్న ఫొటో చూపించాక బండి మళ్లీ వెళ్లింది. ఆ ఫొటో తీసింది ఇస్త్రీ బండి అతను, వాళ్లమ్మాయికి చూపించడానికని.

పట్టే పనికి అడ్డుపడకండి. జంతుప్రేమికులమని చెప్పి బండి ముందు కూర్చోవడం కూడా తప్పే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఢిల్లీ కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమన్న ఆగస్టు 11 నాటి ఆదేశాన్ని ముగ్గురు జడ్జీల బెంచి ఆ రోజే సవరించింది. ఆపరేషన్, టీకా అయినవాటిని అదే చోట వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానం ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని వదలకూడదు. 2025 నవంబరు 7 నాటి ఇంకో ఆదేశం ప్రకారం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లోంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదు. కాబట్టి మీ సమస్య బడి ఆవరణలో అయితే అర్జీలో ఆ సంగతి పైనే రాయండి. అర్జీ ఇచ్చే ముందు తాజా కోర్టు ఉత్తర్వు ఏముందో ఒకసారి చూసుకోండి. ఈ విషయంలో ఆదేశాలు త్వరత్వరగా మారుతున్నాయి.

అన్నం పెట్టేవాళ్లతో తగువు

నిజం చెప్పాలంటే కాలనీలు చీలిపోయేది కుక్కల వల్ల కాదు, ఈ తగువు వల్ల. మా రెండో గల్లీలో ఒక పెద్దావిడ రోజూ రాత్రి ఎనిమిదింటికి స్టీలు గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చి, పార్కు గేటు పక్కన పెట్టేది. అదే టైముకి పిల్లలు ఆటలు ముగించి బయటికి వస్తారు. కుక్కలు గిన్నె కోసం కొట్టుకోవడం, పిల్లలు పరిగెత్తడం, కుక్కలు వాళ్ల వెంటపడటం. ఒకాయన ఆ గిన్నె తన్నేశాడు. ఆవిడ కొడుకు వచ్చి కాలరు పట్టుకున్నాడు.

2023 నియమాల్లో 20వది సరిగ్గా దీని గురించే. అన్నం పెట్టే ఏర్పాటు చేయాల్సింది కాలనీ సంక్షేమ సంఘమో, అపార్ట్‌మెంట్ సంఘమో, స్థానిక సంస్థో. పిల్లలు ఆడేచోట, రాకపోకల గేట్ల దగ్గర, మెట్ల దగ్గర, ముసలివాళ్లు తిరిగేచోట పెట్టకూడదు. టైము కూడా జనం రద్దీ లేనప్పుడు ఉండాలి. అంటే ఆవిడ పెట్టడం తప్పు కాదు, పార్కు గేటు దగ్గర పెట్టడం తప్పు. చోటు చూపించకుండా గిన్నె తన్నిన మాదీ తప్పే. ఆగస్టు 22 ఆదేశంలో సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని, ప్రతి మున్సిపల్ వార్డులో ప్రత్యేక చోట్లు కేటాయించాలని చెప్పింది.

మేం ఒక ఆదివారం ఆవిణ్ణీ, గిన్నె తన్నినాయన్నీ వెంటబెట్టుకుని కాలనీ తిరిగాం. వాటర్ ట్యాంకు వెనక, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఒక మూల దొరికింది. పొద్దున ఐదున్నర, రాత్రి పదిన్నర. అరగంటలో గిన్నెలు తీసేయాలి, మిగిలింది ఊడ్చాలి. పిల్లల సంగతి మీరూ చూసుకోవాలి కదమ్మా అని నేను నసుగుతుంటే, "తిట్లు తినకుండా పెట్టుకోనిస్తే చాలు బాబూ, చోటు ఎక్కడైతే నాకేం" అంది. ఇంతా చేస్తే అడ్డం ఆవిడ కాదు. మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించి, ఒక కాపీ మున్సిపాలిటీకి ఇచ్చాం. అధికారులు చోటు వెతికి పెట్టేదాకా ఆగే బదులు మీరే చూపించి స్టాంపు వేయించుకోవడం తేలిక.

మాటలతో తెగకపోతే జంతు సంక్షేమ కమిటీ వేయమని స్థానిక సంస్థని అడగండి. అందులో పశువైద్యాధికారులు, పోలీసుల తరఫు మనిషి, జంతు సంక్షేమ సంస్థ తరఫు మనిషి, ఫిర్యాదుదారు, సంఘం ప్రతినిధి ఉంటారు. చోటు గురించి వాళ్లు తేలుస్తారు.

హింస కళ్లారా చూస్తే

జంతు హింస నివారణ చట్టంలో కొట్టడం, తన్నడం, మోయలేని బరువు వేయడం, నీళ్లూ మేతా లేకుండా కట్టేయడం అన్నీ నేరాలే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల ఖర్చు. దశాబ్దాల కిందట పెట్టిన రేటు ఇంకా అలాగే ఉంది. అందుకే స్టేషన్‌లో "దీనికి కేసేంటి సార్" అని నవ్వుతారు.

ఇక్కడే తెలివిగా ఉండాలి. ఈ చట్టం కింద క్రూరంగా చంపడం, అవిటిదాన్ని చేయడం, జంతువుల కొట్లాటకు స్థలం నడపడం లాంటి కొన్నింటికే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టగలరు. మామూలు దెబ్బలకు కోర్టు అనుమతి కావాలి. కాబట్టి జంతువు చచ్చినా, విషం పెట్టినా, కాలు విరిగినా ఫిర్యాదులో న్యాయ సంహిత 325 తప్పకుండా రాయండి. దానికి నేరుగా ఎఫ్ఐఆర్ అవుతుంది. తీసుకోనంటే అదే ఫిర్యాదు ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

రెండు సంగతులు చాలామందికి తెలియవు. ఒకటి, 1960 చట్టం కింద కేసు నేరం జరిగిన మూడు నెలల్లోపే వేయాలి. రెండు, చనిపోయిన జంతువును జాలిపడి పూడ్చేస్తే కేసు కూడా దానితోపాటే పూడ్చినట్టు. పోలీసులకు చెప్పి, ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్ట్‌మార్టం చేయించండి. వీడియో ఉంటే అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చిన కాపీ కోర్టులో తేలిపోతుంది. బతికుండి గాయపడితే 1962కి ఫోన్ చేయండి. అది ముఖ్యంగా పశువుల అంబులెన్సు, అయినా దగ్గర్లో ఎక్కడికి తీసుకెళ్లాలో చెబుతారు.

సంక్రాంతి కోడిపందేలూ ఇదే చట్టం కిందకి వస్తాయి. బరి నడిపేవాళ్ల మీద పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చు. ఏటా ఆ మూడు రోజులు ఏం జరుగుతుందో గోదావరి జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పెంపుడు కుక్కలు, పొలంలో పడ్డ పశువులు

అపార్ట్‌మెంట్ సంఘం మెజారిటీ తీర్మానం చేసినా సరే, కుక్కను పెంచుకోవద్దని నిషేధించలేదు, లిఫ్టు వాడొద్దనీ అనలేదు. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే ఈ మాట చెప్పింది. అలాగని యజమాని ఇష్టారాజ్యం కాదు. తన జంతువు మనిషికి హాని చేసే ప్రమాదం ఉన్నా జాగ్రత్త పడకపోతే న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా. గొలుసు, టీకా కార్డు రెండూ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి.

మీ పొలంలోనో పెరట్లోనో పడి మేసే పశువుల సంగతి మాత్రం పాత పద్ధతే: పట్టుబడ్డ పశువులను ఉంచే బందెలదొడ్డి. 1871 నాటి చట్టం ఇంకా బతికే ఉంది. పట్టుకున్న పశువును 24 గంటల్లోపు దొడ్డికి తోలాలి, మీ ఇంట్లో కట్టేసుకుని యజమానిని డబ్బులడిగితే తిరిగి మీమీదే కేసవుతుంది. చాలా ఊళ్లలో దొడ్డి గోడలు కూలి సర్కారు తుమ్మలు మొలిచాయి. అలాంటప్పుడు కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పి, ఆయన చూపించిన చోటికే తోలండి.

ఏ కదలికా లేకపోతే

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే జవాబు రాదు, లెక్కలు అడగండి: మా వార్డులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఎన్ని కుక్కలకు ఆపరేషన్ చేశారు? పట్టిన చోటు, వదిలిన చోటు రిజిస్టరు నకలు ఇవ్వండి. ఆపరేషన్లలో తీసేసిన అవయవాల లెక్క సరిచూసిన కమిటీ సమావేశాల మినిట్స్ ఇవ్వండి. ఈ చివరి ప్రశ్న చదివి మా ఆఫీసులో గుమస్తా కళ్లజోడు తీసి నా వైపు చూశాడు, కానీ నియమాల్లో ఆ లెక్క ఉంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి ముప్పై రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు రాయండి. దానికీ స్టాంపు వేయించుకోండి.